తోటతో గూడిన పాత యిల్లు అమ్మకమునకు వచ్చినపుడు

ఇల్లు కొనుటయు అమ్ముటయు పురుషుల వ్యవహారమని తలచి, మనలో పెక్కుమంది ఆ ప్రసంగము వచ్చినంతనే వంటయింటిలోనికి మరలిపోవుదురు. ధర మాటలాడువారు పురుషులు, సాక్షులు పురుషులు, దస్తావేజు వ్రాయువారును తరచుగా పురుషులే. కాని కొన్నపిమ్మట ఆ యింటిలో రేయింబవళ్లు మెలగునది స్త్రీ. కప్పు కురిసినపుడు బియ్యపుమూటలను ఒక మూలనుండి మరియొక మూలకు జరుపునది స్త్రీ. వేసవిలో బావి యెండినచో బిందె చంకనిడుకొని పొరుగువారి గుమ్మము త్రొక్కునది స్త్రీ. అమ్మువారి వైపు చూచినను, పుట్టినింటి గడప పోగొట్టుకొనునది ఆ యింటి యాడపడుచే. ఇంతటి సంబంధముగల విషయమున మనకు మాట లేకుండుట తగునా? కావున పాత యిల్లొకటి తోటతోడ అమ్మకమునకు వచ్చినపుడు కొనువారి యింటి స్త్రీలును, అమ్మువారి యింటి స్త్రీలును ఏయే సంగతులు తెలిసికొనవలయునో యీ వ్యాసమున ముచ్చటింపదలచితిమి.

మా యింటివారు పాఠశాలోపాధ్యాయులు. బదిలీలుగల కొలువగుటచే మేము పెక్కు పల్లెలలో అద్దె కాపురములు చేసితిమి. పాత యిండ్లలోని సుఖమును, కష్టమును గూడ నెరుగుదుము. ఎరిగిన చోటును గూర్చి వ్రాయుట మేలని జుక్కల్ ప్రాంతమును ఉదాహరణముగ గైకొంటిమి.

జుక్కల్ కామారెడ్డి జిల్లాకు పడమటి కొననున్నది. ఈ జిల్లా 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పడినది. అంతకుముందు ఈ సీమ నిజామాబాదు జిల్లాలోనిది. 1948వ సంవత్సరము సెప్టెంబరు వరకు నిజాము పాలనలోనిది. మహారాష్ట్రమును, కర్ణాటకమును చేరువనే యుండుటచే ఇచ్చట తెలుగుతోబాటు మరాఠీ, కన్నడము, ఉర్దూ గూడ చెవినబడుచుండును. నేల చాలవరకు నల్లరేగడి. పేరుగన్న కౌలాసు కోట యీ మండలములోనిదే.

ఇట్టి పల్లెలలో కలిగినవారు వెనుకటి దినములలో విశాలమైన యిండ్లు కట్టించిరి. దొరల కట్టడములను గడీలనియు, తక్కినవారి పెద్ద యిండ్లను భవంతులనియు పిలుతురు. నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి, చుట్టును మొగురములపై నిలిచిన వసారా, లోపల చల్లని యర్రలు, ధాన్యమునకు గరిసెలు, వెనుక పశువుల దొడ్డి, ఆవల బావియు తోటయు నుండును. పిల్లలు చదువులకును ఉద్యోగములకును హైదరాబాదు మొదలగు పట్టణములకు పోయినపిమ్మట ఇంటిలో వృద్ధులు మాత్రము మిగులుదురు. దీపము పెట్టువారు తగ్గిన కొలది కప్పున గడ్డి మొలచును. కొన్నాళ్లకు ఆ యిల్లు అమ్మకమునకు వచ్చినదని వినవచ్చును.

కొనువారు రెండు తెరగులవారు. కాపురముండగోరి కొనువారు కొందరు. తలుపులు, దూలములు, మొగురములు టేకువగుటచే వానిని విప్పి యమ్ముకొని, చెట్లు కొట్టించి, నేలను ముక్కలుగ విభజింపగోరి కొనువారు కొందరు. రెండవ తెరగువారికి గోడ పాతబడుటయే లాభము. మొదటి తెరగువారికి మాత్రము పాత యిల్లు బాగగునా కాదా యను సందేహము కలుగును. బాగగునని చెప్పుటకు ఈ జిల్లాలోనే నిదర్శనము కలదు. దోమకొండ కోటను ఆ సంస్థానాధీశుల వంశీయులు పెక్కేండ్లు శ్రమించి, సున్నపుపనివారి పాత పద్ధతులతో చక్కబరపించిరి. 2022వ సంవత్సరమున యునెస్కో సంస్థ ఆసియా పసిఫిక్ ప్రాంతపు వారసత్వ పరిరక్షణ పురస్కారములలో దానికి యోగ్యతా పురస్కార మొసగెను. కోటకగు వ్యయము మనబోంట్లకు తరముగాదు. ఐనను ఆ కోట గోడకును మన భవంతి గోడకును వాడిన వస్తువులు మట్టి, రాయి, సున్నము, కలపయే గదా! ఒకదానిని నిలిపిన పద్ధతి రెండవదానిని గూడ నిలుపును.

పాత యింటిని ఒక్కమారు చూచి నిర్ణయింపరాదు. కప్పును శ్రావణ భాద్రపదములలో వాన కురియుచుండగా చూడవలెను. బావిని వైశాఖములో చూడవలెను. అమ్మువారు తరచుగా సంక్రాంతి దినములలో చూపుదురు; అపుడు కప్పు పొడిగాను, బావి నిండుగాను, తోట పచ్చగాను ఉండును. అంతకాలము ఆగుట సాధ్యము గానిచో, గోడల పైభాగమున తడి చారలను, బావిలోని రాళ్లపై నీటిమట్టపు గుర్తులను పరిశీలించినచో కొంత తెలియును. ఇరుగుపొరుగు స్త్రీలనడిగినచో మిగిలినది తెలియును. బావి యే నెలలో అడుగంటునో నీళ్లు చేదినవారికన్న బాగుగా నెరిగినవారు లేరు.

నల్లరేగడి నేలకు ఒక గుణము కలదు. వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని బీటలు వారును. పునాది లోతుగ లేని యింటి గోడలు ఆ కదలికకు మూలలయందును, కిటికీలపైనను చీలును. చీలిక కనబడినంతనే భయపడనక్కరలేదు. దానిపై నడ్డముగ సన్నని కాగితమును అంటించి, తేదీ వ్రాసి, కొన్ని నెలల పిమ్మట చూడవలెను. కాగితము చినిగినచో గోడ యింకను కదలుచున్నదని తెలియును. చినుగకున్నచో అది చాలవరకు పాత గాయమే. వాననీరు గోడమొదట నిలువక దూరముగ పారునట్లు గచ్చు వేయించుటయే యిట్టి నేలలో మొదటి చికిత్స.

కలపను వ్రేలితో తట్టి చూడవలెను. గట్టి దూలము ఖణీమనును. చెదతిన్నది బోలుగ పలుకును. గోడలో దూరియున్న కొనలనే చెద మొదట పట్టును గాన అచ్చట సూదితో గుచ్చి చూచుట మంచిది. మట్టిగోడలకును సున్నపు గోడలకును సిమెంటు పూత పూయించుట నేటి పనివారి యలవాటు. అది చూచుటకు నునుపుగ నుండును గాని గోడలోని చెమ్మ వెలికిరాలేక లోలోపలనే నిలిచిపోయి, కొన్నేండ్లకు పెచ్చులుగ నూడిపడును. పాత గోడకు సున్నమే మేలు. బెల్లపు నీరు, కరక్కాయ కషాయము కలిపి గానుగలో నూరిన డంగుసున్నము మన పెద్దలెరిగినదే.

ఇక తోట. తోటను చూడగానే మనసు కరగును గనుక అచ్చట మరింత జాగరూకత వలయును. మామిడి, చింత చెట్ల కాపును ఈ యేటికిగాని, రాబోవు ఏండ్లకుగాని గుత్తకిచ్చిరేమో యడుగవలెను. ఆ బావినీరు పొరుగు చేనికి గూడ పారుచున్నదా, తోటలోనుండి యితరుల పొలములకు బండిదారి యున్నదా తెలిసికొనవలెను. మూలనెచ్చటనో పోచమ్మ గద్దె యున్నచో బోనములనాడు ఊరివారందరు వత్తురు; అది తెలిసియే కొనుట మంచిది, కొన్న తరువాత తగవులాడుట మర్యాద గాదు. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల శాసనము ప్రకారము చెట్లు కొట్టుటకును, క్రొత్త బోరు త్రవ్వుటకును ముందుగ అనుమతి పొందవలెను. ఆ శాసనమును వాల్టా యందురు. పారిజాతము, నందివర్ధనము, మల్లె, మునగ, ఉసిరిక, దొడ్డిచుట్టు తంగేడు, బతుకమ్మకు కోసికొన గునుగు ఇవి ధరలో లెక్కకు రావు. ఒక తరము స్త్రీలు పోసిన నీళ్లవలన అవి నిలిచినవని మాత్రము కొనువారు మరువరాదు.

కట్టడముకన్న కష్టమైనది పత్రముల పరీక్ష. తోటగల యింటికి తరచుగా ఒకే ప్రహరీలోపల రెండు విధముల నేల యుండును. ఇల్లు నిలిచినది గ్రామకంఠము. దానికి గ్రామపంచాయతి యిచ్చిన ఇంటినంబరు, పన్ను రసీదులు తప్ప వేరాధారము లేకపోవచ్చును. తోట యున్నది సర్వేనంబరుగల వ్యవసాయభూమి. తెలంగాణమున 2020వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ధరణి మొదలైనది మొదలు వ్యవసాయభూముల రిజిస్ట్రేషను తహసీలుదారు కార్యాలయమున జరుగుచున్నది. ఇండ్లది సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున. 2025వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన ధరణి స్థానమున భూభారతి వచ్చినది. కావున ఇంటిపత్రము మాత్రము చూచి తోటయు మనదేయని మురియరాదు. ఒక్కొక్క ముక్కకు వేరువేరుగ పత్రము చూపుమనవలెను.

పాత దస్తావేజులు తరచుగా ఉర్దూలో నుండును. వానిలో ఫసలీ సంవత్సరము వేయబడియుండును. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో మనమెరిగిన సంవత్సరము వచ్చును. ఫసలీ 1350 అనగా 1940–41 అని గ్రహించునది. ఉర్దూ చదువగల పెద్దవారిచేత ప్రతిపంక్తియు చదివించుకొని తెలుగులో వ్రాయించుకొనవలెను. తోటభూమికి పహాణీ నకళ్లు తీయించి, పట్టాదారు పేరును, అనుభవదారు పేరును పోల్చి చూడవలెను. 1950వ సంవత్సరపు హైదరాబాదు కౌలుదారీ శాసనము క్రింద రక్షిత కౌలుదారుల పేర్లెక్కిన భూములు పెక్కు కలవు. వాని విషయమున వకీలు నడుగక ముందడుగు వేయరాదు. తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదాబైనామా ఈ సీమలో సాధారణము. అది పెద్దమనుషుల మాటకు గుర్తేగాని, రిజిస్టరు కానంతవరకు కొన్నవారికి హక్కు నీయదు. తాకట్టులున్నవో లేవో తెలుపు ఈసీ పత్రమును గూడ తీయించుట మరువరాదు.

ఇంతవరకు చెప్పినవి చాలమంది పురుషులెరిగినవే. వారు తరచుగ నడుగని ప్రశ్న యొకటి కలదు. ఆ యింటి ఆడపడుచు లెవరు? వారికీ యమ్మకము సమ్మతమా?

ఒక వేసవిలో మేము జుక్కల్ మండలములోని యొక పల్లెకు అమ్మకమునకున్న యిల్లు చూడబోయితిమి. ఇల్లు మేమూహించినదానికన్న బాగుగ నున్నది. వెనుక మోటబావి, రెండు చింతలు, జామలు, సీతాఫలపు పొదలు. అన్నదమ్ములిరువురును మా యింటివారితో మొదటి అర్రలో బేరమాడుచుండగా, వారి తల్లి మాకు తోట చూపుచు వచ్చినది.

“నిమ్మలంగ సూడు బిడ్డా. గా పెద్ద చింతచెట్టు నేను కాపురానికొచ్చిన యేడు పెట్టింది. ఈ బాయి నీళ్లు తియ్యగుంటయి” అనెను.

“అవ్వా, నీకు ఆడబిడ్డలెందరు? ఇల్లు అమ్ముతున్నట్టు వాండ్లకు ఎరుకేనా?” అని యడిగితిమి.

“ఇద్దరు. పెద్దది దెగ్లూర్ల ఉంటది. సంతకం కావాలె అంటె వస్తరు. వాండ్లనేం అడుగుతరు?”

“ఇల్లు అమ్మినంక నువ్వెక్కడుంటవవ్వా?”

ఆమె చింతచెట్టు వైపు చూచి, “ఆర్నెల్లు పెద్దోని తాన, ఆర్నెల్లు చిన్నోని తాన” అనెను. పిమ్మట జామకాయలు కోసి మా యొడిలో వేసినది.

ఈ మాటలలో కోపము లేదు, నిష్ఠూరము లేదు. లోకమున నట్లే జరుగునను తలంపు మాత్రమున్నది. ఆ తలంపు ఎచ్చటినుండి వచ్చినదో కొంచెము చెప్పవలసియున్నది.

జుక్కల్‌కు నైరృతి దిక్కున, నేటి బీదరు జిల్లాలో, బసవకల్యాణమను పట్టణము కలదు. అదియే చాళుక్యుల కల్యాణి. ఆరవ విక్రమాదిత్యుని యాస్థానమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్యానమును రచించెను. 13వ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. బంగాళము మొదలగు కొన్ని ప్రాంతములు దక్క, దేశమున హిందువుల దాయభాగమునకు మితాక్షరయే ప్రమాణమైనది. పిత్రార్జితమున కొడుకునకు పుట్టుకతోనే హక్కు కలదని యందున్నది. కూతునకు ఆ హక్కు లేదు. ఐనను స్త్రీధనము విషయమున విజ్ఞానేశ్వరుడు ఉదారుడు. వారసత్వముగ వచ్చినదియు, కొన్నదియు, పంపకమున వచ్చినదియు గూడ స్త్రీధనమేయని యతని యభిప్రాయము. ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములు ఆ విశాలార్థమును తగ్గించి, వారసత్వముగ వచ్చిన యాస్తిని స్త్రీ జీవితకాలము అనుభవించుటయే గాని స్వేచ్ఛగ అమ్మరాదనిరి. మన చెవిలో మిగిలినది శాస్త్రములోని సంకుచితమైన భాగమే.

స్వాతంత్ర్యానంతరము శాసనము మారినది. 1956వ సంవత్సరము జూను 17వ తేదీన హిందూ వారసత్వ శాసనము అమలునకు వచ్చినది. స్త్రీ తనకు వచ్చిన యాస్తికి పూర్ణస్వామినియని యందు చెప్పబడినది. వీలునామా లేక తండ్రి మరణించినచో ఆయన స్వార్జితము భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును సమానముగ చెందును. ఆయన తల్లి జీవించియున్న ఆమెకును అంతే భాగము. అనగా భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుండ్రు మాత్రమున్న యింట అయిదు సమభాగములు. ఆ ముసలితల్లి ఆర్నెల్ల యతిథి గాదు. ఆ చింతచెట్టు నీడలో ఆమెకు సొంత భాగమున్నది.

ఐనను ఆ శాసనమున ఒక ముల్లు మిగిలెను. కుటుంబము కాపురమున్న యింటిని పంచుమని యడుగు హక్కు, మగ వారసులు పంచుకొనదలచువరకు, ఆడ వారసులకు లేదని 23వ విభాగము చెప్పెను. పొలమునందు పాలుండియు పుట్టినింట పాలడుగరాదన్నమాట. పిత్రార్జితము విషయమున మన ప్రాంతము కొంత ముందడుగు వేసినది. ఆంధ్రప్రదేశమున 1986వ సంవత్సరపు సవరణ, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు, కూతునకు కొడుకుతో సమానముగ పుట్టుకహక్కు నిచ్చెను. కాని అంతకుముందే పెండ్లియైనవారికి దానిని వర్తింపజేయలేదు. 2005వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన దేశమంతటికి వర్తించు సవరణ వచ్చి, పెండ్లియైనవారు కానివారను భేదమును తొలగించెను. ఇంటికి సంబంధించిన ఆ 23వ విభాగమును గూడ కొట్టివేసెను. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు చట్టబద్ధముగ జరిగిన పంపకములు, అమ్మకములు మాత్రము కదలవు. 2005నాటికి తండ్రి జీవించియుండవలెనా యను సందేహమును 2020వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన సుప్రీముకోర్టు తీర్చి, అక్కరలేదనెను. మన పొరుగున నున్న మహమ్మదీయ కుటుంబములలో కూతునకు సోదరుని భాగములో సగము వారి ధర్మశాస్త్రమే మొదటినుండి విధించియున్నది.

కావున కొనువారి యింటి సోదరీమణులారా, ఆడపడుచుల సంతకము లేని విక్రయపత్రము వారి భాగమును మనకీయదు. మనము తీర్చిదిద్దుకొన్న యింటిపై కొన్నేండ్లకు వ్యాజ్యము రావచ్చును. అపుడు తప్పు వారిది గాదు. అమ్మువారి వంశవృక్షమును అడిగి వ్రాయించుకొని, అందున్న ప్రతి స్త్రీతోడను ముఖాముఖిగ మాటలాడుడు. ఇది క్షేమము, అంతకుమించి ధర్మము.

అమ్మువారి యింటి యాడపడుచులకు మేము చెప్పునది వేరు. “ఒక సంతకమున్నది, వచ్చి పొమ్ము” అన్నపుడు ఆ కాగితమేదో చదివి తెలిసికొనుడు. అది విక్రయపత్రమా, హక్కు విడుదల పత్రమా? విక్రయపత్రమైనచో సొమ్ములో మీ భాగము మీకు రావలెను. విడుదల పత్రమైనచో మీరు మీ భాగమును తోబుట్టువులకు వదలుకొనుచున్నారు. వదలుకొనుట తప్పుగాదు, అన్న కష్టములోనున్నాడని, పుట్టింటి రాకపోకలు నిలువవలెనని తెలిసి యిచ్చిన దానము గొప్పదే. తెలియక చేసిన సంతకము దానమనిపించుకొనదు. తోడి వారసుడు తన భాగమును పరులకమ్మదలచినపుడు దానిని కొనుటకు తక్కిన వారసులకు ముందు హక్కు కలదని 1956 శాసనపు 22వ విభాగము చెప్పుచున్నది. ఇల్లు పోవుట యిష్టములేని యాడపడుచు, శక్తియున్నచో, తానే కొనవచ్చును.

మేము చూచిన యింటిలో నట్లే జరిగినది. ఆడపడుచులు వచ్చి మాటలాడినగాని బయానా ఈయమని మేమనగా, అన్నదమ్ములు కోపగింపలేదు; ఇట్టిదొకటి యున్నదని తమకు తెలియదనిరి. బతుకమ్మకు వచ్చిన చిన్న కూతురు, ధర విని, తక్కినవారి భాగములను తానే కొందుననెను. మేము తప్పుకొంటిమి. తల్లి ఆ యింటనే యున్నది.

వృద్ధురాండ్రకు ఒక్కమాట. ఇంటిని బిడ్డలకు వ్రాసియిచ్చునపుడు, తమ్ము పోషింపవలెనను షరతును నోటిమాటగ విడువక పత్రముననే వ్రాయించుకొనవలెను. అట్లు వ్రాసినచో, పోషణ జరుగనపుడు ఆ పత్రమును రద్దుపరచుమని కోరుటకు 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల పోషణ శాసనము దారి చూపుచున్నది.

ఇన్ని సంగతులు గుర్తుంచుకొనుట కష్టమందురేమో. మూడు ప్రశ్నలు గుర్తున్న చాలును. వైశాఖములో బావిలో నీరున్నదా? ఇంటికొకటి, తోటకొకటి పత్రములున్నవా? ఆ యింట పుట్టిన స్త్రీలందరును, ఆ యింట మెట్టిన తల్లియు తెలిసి సమ్మతించిరా? మొదటి రెండింటికి సమాధానము పురుషులు తెచ్చి చెప్పవచ్చును. మూడవదానిని మాత్రము మనమే పోయి యడుగవలెను. ఏలయనగా ఆ యింటి స్త్రీలు మనతో చెప్పునంత చనువుగ మరియెవరితోను చెప్పరు.